వాగు ఒడ్డున తెలుగు పాఠం
(నిజ్వాలో కాపురం – నిజ్వాతో పరిచయం)



ఈ ఏడాది సంచికకు మేము రాసి ఇస్తున్నది ఒక ఊరి పాఠం. ఆ ఊరి పేరు నిజ్వా. మస్కట్ నుంచి లోపలికి సుమారు 160 కిలోమీటర్లు, కారులో గంటన్నర పైచిలుకు ప్రయాణం. ఉద్యోగం మారడంతో మా కుటుంబం మస్కట్ ఫ్లాటు ఖాళీ చేసి అక్కడికి చేరింది. వారంలో ఐదు రోజులు పిల్లల స్కూలు, మా ఆఫీసు. శుక్రవారం ఊరు చూడడం, శనివారం మస్కట్ వచ్చి తెలుగు బడి. ఇలా సాగుతుండగా మాకు ఒక సంగతి తెలిసివచ్చింది. బడిలో పుస్తకం చూసి నేర్చుకునే తెలుగు మాటలు ఎన్నో నిజ్వా వీధుల్లో, తోటల్లో కళ్ళకు కనిపిస్తున్నాయి. ఆ సంగతి మీ అందరితో పంచుకోవాలని ఈ పాఠం.

పాఠం ఉద్దేశం: (1) ఒమన్‌లో నీరు ఎలా దొరుకుతుందో, ఎలా పంచుకుంటారో తెలుసుకోవడం. (2) నీళ్ళకూ, సేద్యానికీ, చుట్టరికానికీ సంబంధించిన తెలుగు మాటలు నేర్చుకోవడం. (3) అమ్మానాన్నలతో కలిసి ఒక పాత ఊరిని ఎలా చూడాలో తెలుసుకోవడం. చివర అభ్యాసం ఉంది. పెద్దలు పక్కన కూర్చుని చదివిస్తే మేలు.

1. నది లేని దేశంలో ఏటి ఒడ్డు ఊరు

మన గోదావరి, కృష్ణ, పెన్నలలాంటి నదులు ఒమన్‌లో లేవు. ఏడాది పొడవునా సముద్రం దాకా పారే నది ఈ దేశంలో ఒక్కటీ లేదు. ఉన్నవి వాదీలు. కొండల్లో వాన పడితే పారతాయి, మిగతా రోజుల్లో గులకరాళ్ళతో ఎండి ఉంటాయి. వాన నీరంతా సముద్రం పాలు కాదు. హజర్ పర్వతాల రాళ్ళ సందుల్లోకీ, వాదీల కింది కంకరలోకీ ఇంకిపోతుంది. పైన చూస్తే పొడినేల, కింద నీరు. నిజ్వా కథ అంతా ఆ కనపడని నీటి కథే.

జబల్ అఖ్దర్ అంటే 'పచ్చ కొండ'. ఆ కొండకు దక్షిణపు అంచున, వాదీ కల్బూ, వాదీ అల్ అబ్‌యద్ అనే రెండు వాగుల దగ్గర నిజ్వా పుట్టింది. 8వ శతాబ్దం చివరి నుంచి చాలాకాలం ఇది ఇమాముల రాజధాని. పండితులకూ, మదర్సాలకూ పేరు పొందిన ఊరు. 2015లో దీన్ని ఇస్లామీయ సంస్కృతి రాజధానిగా ప్రకటించి ఉత్సవాలు జరిపారు.

'వాదీ' అన్న మాట వినగానే మా చిన్నమ్మాయి "వాగు లాగే ఉందే!" అంది. విన్నారా, చెవికి ఎంత దగ్గరగా ఉందో! కానీ ఇది కాకతాళీయం మాత్రమే. 'వాదీ' అరబ్బీ మాట, 'వాగు' అచ్చ తెలుగు మాట. ఒకదాని నుంచి మరొకటి పుట్టలేదు. అయినా గుర్తు పెట్టుకోవడానికి ఎంత సులువో చూడండి.

నీరు పారే చోటును చెప్పడానికి మనకు ఎన్ని మాటలున్నాయో గమనించండి. సెలయేరు, వంక, వాగు, ఏరు, నది. కొండ మీద రాళ్ళ మధ్య గలగలలాడేది సెలయేరు. వాన వస్తేనే పారేది వంక, వాగు. వాటికన్నా పెద్దది ఏరు, అంతకన్నా పెద్దది నది. రాయలసీమ నుంచి వచ్చిన కుటుంబాలకు ఎండిన వంకలు కొత్త కాదు. గోదావరి జిల్లాల నుంచి వచ్చినవారికి మాత్రం నీళ్ళు లేని ఏరు వింతగా ఉంటుంది. మా ఇంట్లో ఇద్దరం చెరొక వైపు వాళ్ళం కావడంతో ఈ చర్చ ఇప్పటికీ తెగలేదు.

2. ఫలజ్ అంటే ఏమిటి?

భూమి కింద ఉన్న నీటిని ఊళ్ళోకి ఎలా తేవాలి? మోటారు లేదు, కరెంటు లేదు. ఒమన్ వాళ్ళు ఎంతో కాలంగా వాడుతున్న ఉపాయం పేరు ఫలజ్. చాలా ఫలజ్‌లుంటే అఫ్లాజ్ అంటారు. వాలు చూసుకుని తవ్విన కాలువ ఇది. నీరు తన బరువుతో తానే నడిచి వస్తుంది. తోడే పని లేదు. దేశంలో ఇప్పటికీ 3000 దాకా ఫలజ్‌లు పారుతున్నాయి. వాటిలో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అవి దారిస్, ఖత్మైన్, మల్కీ, జీలా, ముయస్సర్. మొదటి రెండూ నిజ్వా ప్రాంతానివే.

ఫలజ్‌లు మూడు రకాలు.

దావూదీ: కొండ మొదట్లో లోతుగా 'తల్లి బావి' తవ్వుతారు. అరబ్బీలో దాని పేరు ఉమ్మ్ అల్ ఫలజ్. ఉమ్మ్ అంటే తల్లి. అక్కడి నుంచి భూమి లోపల సొరంగం తవ్వి, చాలా మెల్లని వాలుతో ఊరి దాకా తెస్తారు. మధ్య మధ్య గాలి కోసం, మట్టి పైకి తీయడం కోసం నిలువు బావులుంటాయి. సులేమాన్ బిన్ దావూద్ ప్రవక్త ఆజ్ఞ మీద జిన్నులు వీటిని తవ్వాయని ఇక్కడి పెద్దలు కథ చెబుతారు. అందుకే ఆ పేరు.

ఘైలీ: వాగు అడుగున, పై పొరల్లో ఉన్న నీటిని పట్టి కాలువలోకి మళ్ళించేది. దేశంలోని ఫలజ్‌లలో సుమారు సగం ఈ రకమే. వాన లేకపోతే త్వరగా ఎండిపోతాయి.

ఐనీ: ఊట నుంచి నేరుగా పారేది. కొన్ని చోట్ల నీరు వేడిగా కూడా ఉంటుంది.

మనకు ఇలాంటివి లేవా? ఉన్నాయి. పెన్న, చిత్రావతి వంటి ఏళ్ళ ఇసుకలో రాయలసీమ రైతులు తవ్వుకున్న 'ఊట కాలువలు' ఘైలీ ఫలజ్‌కు దగ్గరి చుట్టాలు. తెలంగాణ సరిహద్దుకు దగ్గరలో ఉన్న కర్ణాటకలోని బీదరులో బహమనీ సుల్తానుల కాలం నాటి భూగర్భ కాలువ ఉంది. దాన్ని 'కారెజ్' అంటారు. అది దావూదీ ఫలజ్ లాంటిది. అవసరం ఒకటే అయినప్పుడు మనిషి ఆలోచన కూడా ఎంత దూరానైనా ఒకటే అవుతుంది.

చూడవలసిన చోటు: నిజ్వాలో ఫలజ్ దారిస్ పక్కన పార్కు ఉంది. పిల్లలు గట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకోవచ్చు. నీటిలో చిన్న చేపలు తిరుగుతుంటాయి. కొంచెం దూరంలో బిర్కత్ అల్ మౌజ్ ఉంది. పేరుకు అర్థం 'అరటిపళ్ళ చెరువు'. పేరుకు తగ్గట్టు అరటి తోటలున్నాయి, కోనసీమ వాళ్ళకు ప్రాణం లేచివస్తుంది. అక్కడ ఖత్మైన్ ఫలజ్ మూడు సమాన పాయలుగా చీలే చోటు చూడండి. కొలతలో ఎంత నేర్పు ఉందో తెలుస్తుంది.

3. నీళ్ళ పంపకం – న్యాయం పాఠం

కాలువ తవ్వడం ఒక ఎత్తయితే, నీళ్ళు పంచుకోవడం మరో ఎత్తు. ఫలజ్ బయటికి కనిపించే మొదటి చోట ఎవరైనా తాగడానికి నీళ్ళు పట్టుకోవచ్చు. బాటసారికీ హక్కు ఉంది. అక్కడ స్నానం చేయకూడదు, బట్టలు ఉతకకూడదు. ఆ తరువాత మసీదు, స్నానపు గదులు. అటు తరువాతే తోటలు. అంటే ముందు దాహం, తరువాత శుభ్రత, ఆపైన పంట. ఎంత భూమి ఉన్న ఆసామి అయినా ఈ వరస తప్పడానికి వీల్లేదు.

తోటలకు నీళ్ళు కాలం లెక్కన పంచుతారు. అర గంట నీటిని ఒక 'అథర్' అంటారు. ఇలాంటి అథర్‌లు 24 కలిస్తే ఒక 'బాదా', అంటే పన్నెండు గంటలు. గడియారాలు రాకముందు పగలు కర్ర నీడను చూసి, రాత్రి నక్షత్రాలు పొడిచే వేళను చూసి లెక్క కట్టేవారు. కొన్ని వంతులు ఫలజ్ పేరు మీదే ఉంటాయి. వాటిని వేలం వేసి, వచ్చిన డబ్బుతో కాలువ మరమ్మతు చేయిస్తారు.

మా పెద్దబ్బాయికి ఊళ్ళో తాతయ్య ఉన్నారు. ఆయన పొలం కాలువ చివర, శివారు భూమి. ఎగువ వాళ్ళు పారించుకున్నాకే ఆయనకు వంతు. ఫోన్ చేసినప్పుడల్లా తాతయ్య నీళ్ళు వచ్చాయో లేదో చెప్పేవారు. మనవడు "ఊఁ" అని ఫోన్ అమ్మకు ఇచ్చేసేవాడు. తప్పు వాడిది కాదు. మస్కట్ ఫ్లాటులో కుళాయి తిప్పితే నీళ్ళు వస్తాయి. వంతు అంటే ఏమిటో, గట్టు తెగడం అంటే ఏమిటో వాడికి ఎలా తెలుస్తుంది? నిజ్వా తోటలో ఒక ముసలాయన మట్టితో, పాత గుడ్డతో మడవ కట్టి, గడియారం చూసి తీసి, నీళ్ళను పక్క తోటలోకి వదలడం వాడు చూశాడు. ఆ వారం ఫోన్‌లో వాడే అడిగాడు, "తాతయ్యా, మీకు ఎన్ని గంటల నీళ్ళు?" అని. ఆ రోజు తాతామనవళ్ళు ముప్పావుగంట మాట్లాడుకున్నారు. ఎగువ, దిగువ, తూము, బోదె, మడవ, గండి. ఈ మాటలన్నీ మాకే మరపున పడ్డాయి. మళ్ళీ ఆయన నోట విన్నాం.

మన చెరువుల కింద కూడా నీళ్ళు పంచేవారున్నారు. తెలంగాణలో నీరటి, రాయలసీమలో నీరుగంటి అంటారు. తూము ఎప్పుడు తీయాలో, ఏ మడికి ఎంత విడవాలో చూసేది ఆయనే. ఆ పనినే ఇక్కడ 'అరీఫ్' చేస్తాడు.

4. అరబ్బీ వీధిలో తెలుగు మాటలు

ఫలజ్ వ్యవహారాలు చూసే పెద్దను ఏమంటారో తెలుసా? 'వకీల్'. లెక్కల పుస్తకం రాసేవాడు 'అమీన్ అల్ దఫ్తర్'. వేలం పాడించేవాడు 'దల్లాల్'. ఎక్కడో విన్నట్టు లేదూ? మన వకీలు, దఫ్తరు, దళారి ఇవే! కుతుబ్‌షాహీల కాలంలోనూ, తరువాత నిజాం కాలంలోనూ కచ్చేరీల్లో పారశీకం, ఉర్దూ నడిచాయి. వాటి ద్వారా అరబ్బీ మాటలు తెలుగులోకి వచ్చి ఇంటి మాటలైపోయాయి. అర్థం కొంచెం జరిగింది, అంతే. ఇక్కడ వకీల్ అంటే ఒకరి తరఫున పని చూసేవాడు. మనకు వకీలు అంటే కోర్టులో మన తరఫున వాదించే ప్లీడరు.

కింది పట్టిక చదవండి.

బుర్జ్ – బురుజు
ఖల్అ – కిల్లా (కోట)
దుక్కాన్ – దుకాణం
హఖ్ – హక్కు
హద్ – హద్దు
ఖబర్ – కబురు
కుర్సీ – కుర్చీ
జవాబ్ – జవాబు
ఖాలీ – ఖాళీ

చివరి మాట చూడండి. దేశానికి పడమట ఉన్న మహా ఎడారి పేరు 'రుబ్ అల్ ఖాలీ'. అందులోని 'ఖాలీ'యే మన 'ఖాళీ' సీసా, 'ఖాళీ' సీటు. ఇక ఎదురు దిక్కున వెళ్ళిన మాట కూడా ఒకటుంది. ఒమన్ రియాల్‌కు 1000 బైసాలు. 'బైసా' మన 'పైసా'యే. అరబ్బీలో 'ప' అక్షరం లేదు కనుక 'బ' అయింది. 1970 దాకా ఇక్కడి బజార్లలో రూపాయలు కూడా చెల్లేవి.

5. కోట

నిజ్వా కోటను 17వ శతాబ్దంలో ఇమామ్ సుల్తాన్ బిన్ సైఫ్ అల్ యారుబీ కట్టించాడు. 1650లో పోర్చుగీసు వాళ్ళను మస్కట్ నుంచి తరిమింది ఈయనే. కోట కట్టడానికి 12 ఏళ్ళు పట్టిందని చెబుతారు. మధ్యన ఉన్న గుండ్రని బురుజు సుమారు 30 మీటర్ల ఎత్తు. పదంతస్తుల మేడ అనుకోండి. ఫిరంగి గుండ్లకు కూలిపోకుండా బురుజు లోపల సగం దాకా మట్టి, రాళ్ళు నింపేశారు. గోల్కొండ చూసిన పిల్లలు రెండింటినీ పోల్చి చూడవచ్చు. గోల్కొండ కొండ మీద కట్టిన కోట. ఇక్కడ కొండ లేదు, బురుజే కొండ.

పైకి వెళ్ళే మెట్లు ఇరుకు, మలుపులు ఎక్కువ. ప్రతి తలుపు పైనా ఒక కంత ఉంటుంది. శత్రువు తలుపు బద్దలు కొడుతుంటే పై నుంచి కాగిన ఖర్జూరపు పాకం పోసేవారు! అది ఎక్కడి నుంచి వచ్చేదంటే, కోటలో ఒక గది ఉంది. దాని నేల మీద చాళ్ళు చాళ్ళుగా గాళ్ళు తీసి ఉంటాయి. ఖర్జూరపు బస్తాలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే బరువుకు రసం కారి ఆ గాళ్ళలోంచి కుండలోకి చేరేది. మామూలు రోజుల్లో తిండికి, యుద్ధం వస్తే ఆయుధానికి. బురుజు ఎక్కి చుట్టూ చూస్తే ఊరు ఎందుకు అక్కడ ఉందో ఒక్క చూపులో అర్థమవుతుంది. బూడిద రంగు కొండలు, తెల్లని వాగు గీత, దాని పక్కన పచ్చని ఖర్జూరపు తోటలు. నీరు ఎంత దూరం పోయిందో పచ్చదనం అంత దూరమే.

కోట పక్కనే అల్ అఖర్ అనే పాత పేట ఉంది. మట్టి గోడల ఇళ్ళు. కొన్ని కూలిపోయాయి, కొన్నింటిని బాగుచేసి కాఫీ హోటళ్ళుగా, బస చేసే ఇళ్ళుగా నడుపుతున్నారు. అక్కడ నడిచేటప్పుడు గట్టిగా అరవకండి. ఇంకా కాపురాలున్న వీధులు అవి.

6. శుక్రవారం సంత

శుక్రవారం తెల్లవారితే కోట దగ్గర మేకల సంత. కొనేవారు గుండ్రంగా కూర్చుంటారు, నిలబడతారు. అమ్మేవారు మేకలను, గొర్రెలను, ఆవులను తాళ్ళతో పట్టుకుని మధ్యన గుండ్రంగా తిప్పుతారు. ధర కేక వేస్తూ తిరగడమే. నచ్చిన వారు ఆపి పళ్ళు చూస్తారు, వెన్ను తడిమి చూస్తారు, బేరం చేస్తారు. మన అంగడిలోలాగే! కొత్త బట్టలతో వెళ్ళకండి. చిన్నపిల్లల చేయి వదలకండి. మనుషుల ఫోటోలు అడిగి తీయండి. ముఖ్యంగా ఆడవారివి అడగకుండా తీయకూడదు. తొమ్మిది దాటితే జనం పలచబడతారు, అందుకని పెందలాడే వెళ్ళాలి.

ఆ పక్కనే సూక్. కుండలు, వెండి నగలు, ఖంజర్ అనే వంపు కత్తులు, ఎండు చేపలు, మసాలాలు, హల్వా. కుండలు ఎక్కువగా పక్క ఊరు బహ్లాలో చేసినవి. బహ్లా కోట 1987లోనే యునెస్కో జాబితాకు ఎక్కింది. ఒక పూట దానికి కేటాయించండి. వీలైతే అల్ హమ్రా మీదుగా కొండ అంచున ఉన్న మిస్ఫాత్ అల్ అబ్రియీన్ కూడా చూడండి. అక్కడ ఫలజ్ ఇళ్ళ మధ్య నుంచి మెట్ల పక్కగా పారుతుంది.

7. ఖర్జూరం, ఈత

మా నాన్నమ్మ నిజ్వా తోటలో అడుగు పెట్టగానే "ఇవన్నీ ఈతచెట్లే కదరా!" అన్నారు. పిల్లలు నవ్వారు. కానీ నాన్నమ్మ మాట నూటికి నూరు పాళ్ళూ కాకపోయినా చాలావరకు నిజం. మన ఈతచెట్టూ, ఖర్జూరపు చెట్టూ ఒకే జాతికి చెందిన అక్కచెల్లెళ్ళు. శాస్త్రంలో ఆ జాతి పేరు ఫీనిక్స్. మన ఈతపండులో గింజ పెద్దది, గుజ్జు తక్కువ. ఇక్కడి పండులో గుజ్జు ఎక్కువ.

ఖర్జూరపు చెట్లలో మగచెట్లు వేరు, ఆడచెట్లు వేరు. చలికాలం చివర రైతు మగ పూల రెమ్మలు కోసి, ఆడచెట్టు ఎక్కి గెల గెలకూ పుప్పొడి అద్దుతాడు. ఎండలు ముదిరాక పళ్ళు వస్తాయి. పచ్చి మీద గట్టిగా, పసుపుగా ఉన్నది 'బిసర్', మెత్తబడితే 'రుతబ్', ఎండితే 'తమర్'. తెలుగులో పిందె, కాయ, దోరకాయ, పండు అంటాం. వరస చెప్పడం నేర్చుకోండి. నఘాల్, ఖలాస్, ఖునైజీ, ఫర్ద్ వంటివి రకాల పేర్లు. మబ్సలీ అనే రకాన్ని పెద్ద గంగాళాల్లో ఉడకబెట్టి, ఎండబెట్టి భారతదేశానికి పంపడం ఇక్కడి పాత వ్యాపారం. దాన్ని 'తబ్సీల్' అంటారు. మన పెళ్ళిళ్ళలో పసుపుకొమ్ములు, వక్కలతో పాటు పళ్ళెంలో పెట్టే ఎండు ఖర్జూరాలు గుర్తున్నాయా? మన పూర్వులు నిజ్వా పేరు వినకుండానే ఈ నేల పంట తిన్నారేమో!

8. ఇరుగు పొరుగు

కొత్త ఊళ్ళో కాపురం నిలదొక్కుకోవడం అంటే ఇల్లు, కరెంటు, గ్యాసు మాత్రమే కాదు. పలకరింపు తెలియాలి. ఇక్కడ పలకరింపు పొడవుగా ఉంటుంది. సలాం చెప్పి, ఆరోగ్యం అడిగి, ఇంట్లో వారి క్షేమం అడిగి, 'అఖ్బార్' అడిగిన తరువాతే పని మాట. 'అఖ్బార్' అంటే కబుర్లు. మన పల్లెల్లో అరుగు మీద కూర్చున్న పెద్దాయన "ఏమిటోయ్ కబుర్లు?" అన్నట్టే.

ఇంటికి పిలిస్తే ముందు ఖర్జూరం, తరువాత చిన్న కప్పులో కహ్వా. కుడి చేత్తో పుచ్చుకోవాలి. తాగినకొద్దీ పోస్తూనే ఉంటారు. చాలనుకుంటే కప్పును మెల్లగా అటూ ఇటూ ఊపాలి. మేము బదులుగా సంక్రాంతికి అరిసెలు, ఉగాదికి బొబ్బట్లు పంపాం. అరిసెలోని బెల్లం, నువ్వులు మా పొరుగింటి పెద్దావిడకు బాగా నచ్చాయి. గిన్నె ఖాళీగా తిరిగి రాలేదు, నిండా హల్వాతో వచ్చింది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదన్న పద్ధతి మన అమ్మమ్మలదే అనుకునేవాళ్ళం.

చుట్టరికపు మాటలు కూడా చూడండి. ఇంగ్లీషులో మామయ్యా, బాబాయీ ఇద్దరూ 'అంకులే'. అరబ్బీ మన తెలుగు లాగే తేడా చూపిస్తుంది. అమ్మ అన్నదమ్ములు 'ఖాల్', అంటే మేనమామ. నాన్న అన్నదమ్ములు 'అమ్మ్', అంటే పెదనాన్న, బాబాయి. అమ్మ అక్కచెల్లెళ్ళు 'ఖాలా', అంటే పెద్దమ్మ, పిన్ని. ఇక నాన్న అక్కచెల్లెళ్ళు? 'అమ్మ'! గొంతులోంచి పలికే 'అ'తో 'అమ్మ' అంటే ఇక్కడ మేనత్త అని అర్థం. మా పిల్లలు వీధిలో "అమ్మా!" అని పిలిస్తే పొరుగు పిల్లలకు మొదట అదే వింత.

9. వాగు వస్తే – ఇది ఆట కాదు

ఈ భాగం రెండుసార్లు చదవండి. నిజ్వాలో ఎండిన వాగులో కార్లు నిలపడం, పిల్లలు ఫుట్‌బాల్ ఆడడం మామూలే. మన నెత్తిన ఎండ కాస్తుండగానే ఎక్కడో కొండ మీద కురిసిన వాన నిమిషాల్లో ఇక్కడికి దిగుతుంది. మన వైపు పెద్దలు "వాగు వచ్చింది" అంటారు చూశారూ, నిజంగానే అది నడిచి వచ్చినట్టు వస్తుంది, ముందు బురద, కట్టెలు, ఆ వెనుక నీరు.

2007 జూన్‌లో గోను తుపాను, 2021 అక్టోబరులో షాహీన్ తుపాను ఒమన్‌ను ఎంత బాధించాయో పెద్దలకు తెలుసు. 2024 ఏప్రిల్‌లో ఉత్తర షర్కియాలోని సమద్ అల్ షాన్ దగ్గర బడి పిల్లలున్న వాహనాన్ని వరద లాక్కుపోయింది. మీ వయసు పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. వారిని తలుచుకుని ఈ నియమాలు గుర్తుంచుకుందాం.

మబ్బు పట్టినా, ఉరిమినా, కొండ మీద వాన కనిపించినా వెంటనే వాగులోంచి గట్టు ఎక్కాలి.
పారుతున్న వాగును కారుతో దాటకూడదు. పెద్ద కారైనా సరే, నీరు తక్కువగా కనిపించినా సరే. ఒమన్ చట్టం ప్రకారం అది నేరం కూడా.
వాగు మధ్యలో గుడారం వేయకూడదు, అక్కడ నిద్రపోకూడదు.
వాతావరణ హెచ్చరిక ఉంటే ఆ వారం షికారు మానుకోవాలి. అమ్మానాన్నలు మరిచిపోతే పిల్లలు గుర్తు చేయాలి.
ఆపద వస్తే 9999కు ఫోన్ చేయాలి.

10. "మీది ఏ ఊరు?"

ఇది ఈ పాఠంలో కష్టమైన ప్రశ్న. తెలుగువారు ఎక్కడ కలిసినా రెండో మాట ఇదే. పెద్దలు టక్కున జవాబు చెబుతారు. కాకినాడ, కడప, కరీంనగర్ అంటారు. పిల్లలు మాత్రం అమ్మ ముఖం చూస్తారు. పుట్టింది మస్కట్ ఆసుపత్రిలో, చదివేది నిజ్వాలో, సెలవులకు వెళ్ళేది తాతగారి ఊరు. పాస్‌పోర్టులో ఒకటి, రెసిడెంట్ కార్డులో ఒకటి. పైగా ఇక్కడ మనం ఉండేది ఉద్యోగం ఉన్నంత కాలం. ఏదో ఒక రోజు సామాను కట్టుకోవలసిందే. మా పిల్లలు ఒకసారి అడిగారు, "వెళ్ళిపోయే ఊరిని ఎందుకు నేర్చుకోవాలి?" అని.

మేము ఆలోచించి ఇచ్చిన జవాబు ఇది. ఫలజ్‌లో నీరు ఏ తోటలోనూ నిలిచిపోదు. వంతు ఉన్న అర గంటా మనది, ఆ తరువాత పక్క తోటది. అలాగని ఏ రైతూ తన వంతు రాగానే నిద్రపోడు. మడవ తీసి, ప్రతి చెట్టు పాదుకూ తడి అందేలా చూసుకుంటాడు. నిజ్వాలో మనకు ఉన్న కాలం మన వంతు. ఆ కాలంలో ఊరిని తెలుసుకుంటే అది మనతో వస్తుంది, తెలుసుకోకపోతే ఎన్నేళ్ళున్నా బస్సు కిటికీలోంచి చూసినట్టే.

ఇంకొక మాట. ఈ ఊరిని శ్రద్ధగా చూసిన పిల్లలకే తాతగారి ఊరు కూడా అర్థమవుతోంది. కాలువ, గట్టు, తూము, సంత, బేరం, పొరుగింటి గిన్నె. ఇవి మస్కట్ ఫ్లాటులో మేము ఎంత చెప్పినా మాటలుగానే మిగిలాయి. చూపించడానికి ఏదైనా ఉంటేనే మాట నిలుస్తుంది. మన భాష నిలవడానికి పక్కవారి ఊరు మనకు సాయం చేసింది. కాబట్టి "మీది ఏ ఊరు?" అని అడిగితే మా పిల్లలు ఇప్పుడు రెండు ఊళ్ళ పేర్లు చెబుతున్నారు. మేము దిద్దడం లేదు.

అభ్యాసం

అ) జవాబులు రాయండి.
1. ఒమన్‌లో ఏడాది పొడవునా పారే నదులు లేకపోయినా తోటలు ఎలా పండుతున్నాయి?
2. ఫలజ్ నీటిని మొదట ఎవరు వాడుకోవచ్చు? ఆ నియమం ఎందుకు మంచిది?
3. నిజ్వా కోట బురుజులో మట్టి ఎందుకు నింపారు?
4. ఎండగా ఉన్నా వాగులోకి నీరు ఎలా వస్తుంది?

ఆ) జతపరచండి.
వకీల్, ఖాల్, రుతబ్, ఉమ్మ్ అల్ ఫలజ్
తల్లి బావి, మేనమామ, తరఫున పని చూసేవాడు, మెత్తబడిన పండు

ఇ) సొంత వాక్యాలు రాయండి: గట్టు, ఎగువ, దిగువ, వంతు, గండి, బేరం.

ఈ) ఒక లెక్క: ఒక తోటకు 3 అథర్‌ల నీరు వంతు. ఉదయం 6 గంటలకు మడవ తీస్తే ఎప్పుడు మూయాలి?

ఉ) ఇంటిపని: ఈ వారం తాతయ్యకో, అమ్మమ్మకో, నాన్నమ్మకో ఫోన్ చేయండి. "మన ఊరికి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి? మీ చిన్నప్పుడు ఎలా పంచుకునేవారు?" అని అడగండి. వారు చెప్పిన మాటల్లో మీకు కొత్తవి ఐదు రాసుకుని శనివారం బడికి తీసుకురండి. అర్థం పక్కన బొమ్మ కూడా వేయండి.

పెద్దలకు మనవి: ఇంటిపనికి మీరు జవాబు చెప్పవద్దు. ఫోన్ కలిపి ఇచ్చి పక్కకు తప్పుకోండి. ఆ మాటలు పిల్లలకు వారి నోటి నుంచే అందనివ్వండి.